పూట, పొద్దు, గడియారం: తెలుగువారి భోజనవేళలు – దేహకాలం

తెలుగులో కాలాన్ని చెప్పే మాటలకూ తిండిని చెప్పే మాటలకూ దగ్గరి చుట్టరికం ఉంది. 'పూట' దినంలో ఒక భాగానికి పేరు. ఒకసారి తినే భోజనానికీ అదే పేరు. పూట గడవడమంటే ఆ వేళకు తిండి దొరకడమే. 'పొద్దు' సూర్యుణ్ణీ వేళనూ చెబుతూ, 'ఒక్కపొద్దు' అన్నప్పుడు భోజనాన్ని లెక్కించే ప్రమాణమవుతుంది. తెలంగాణలో రంజాను ఉపవాసాలనూ ఒక్కపొద్దులనే వ్యవహరిస్తారు. చద్ది తినే సమయం చద్దివేళ. అంబలి తాగే సమయం ప్రాంతాన్ని బట్టి అంబటివేళ, అంబటాళ్ళ. గడియారం లేని పల్లెలో ఈ మాటలే పనికీ ప్రయాణానికీ కాలనిర్దేశం చేశాయి.

భోజనవేళకూ జీవక్రియల ఆరోగ్యానికీ గల సంబంధాన్ని ఆధునిక జీవశాస్త్రం గత కొన్ని దశాబ్దాలుగా వెల్లడిస్తోంది. ఈ నేపథ్యంలో పై పదజాలాన్ని పూర్వుల శరీరశాస్త్ర పరిజ్ఞానానికి రుజువుగా చూపే ధోరణి వినిపిస్తున్నది. పదాలు నిజానికి దేనికి సాక్ష్యం చెబుతున్నాయో పరిశీలించడం అవసరం.

పదాల సాక్ష్యం

చద్ది రాత్రి మిగిలిన అన్నం. ప్రొద్దున్నే పొయ్యి వెలిగించే తీరిక, వంటచెరకు లేని శ్రామిక గృహాలకు అది సహజమైన తొలి ఆహారం. పోతన భాగవత దశమస్కంధంలో గోపబాలుర చల్దుల ఘట్టం ప్రసిద్ధం. అక్కడ చల్ది పశువులను తోలుకొని ఇల్లు వదిలి వెళ్ళేవారి వెంట నడిచిన తిండి. పొద్దు గూకాక పని ఆగడానికి దీపపు చమురు ఖరీదు కూడా ఒక కారణం. భోజనవేళలను పగటి వెలుగుకు కట్టివేసినవి శ్రమ, ఇంధనం, దారిద్ర్యం. ఈ కట్టుబాటు అందరికీ ఒకే విధంగా వర్తించలేదు. మంచెమీద రాత్రి కావలి కాసినవారికి, ఇంటిల్లిపాదీ తిన్నాక చివర తిన్న స్త్రీలకు పూటల లెక్క వేరు. 'రాత్రి భోజనాల వేళ' అన్న మాట ఎవరు ఎప్పుడు తిన్నారో చెప్పదు.

శాస్త్ర, మత సంప్రదాయాలనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. చరకసంహిత విమానస్థానం ఆహారవిధికి చెప్పిన ఎనిమిది అంశాల్లో కాలం ఒకటి. అయితే ఆ గ్రంథంలో కాలం నిత్యగం, ఆవస్థికం అని రెండు విధాలు: మొదటిది ఋతువును, రెండవది వ్యాధి దశను అనుసరించేది. ముందు తిన్నది జీర్ణమైన తరువాతే తినాలన్న నియమం కూడా అక్కడ ఉంది. దినంలో ఇన్నో గంటకు తినాలన్న లెక్క ఈ విభజనలో లేదు. జైనులు రాత్రిభోజనాన్ని త్యజించడానికి ప్రధాన ప్రేరణ అహింస. చీకట్లో కంటికి ఆనని ప్రాణులకు హాని కలుగుతుందన్న భావన. కొలనుపాక వంటి క్షేత్రాల ద్వారా తెలుగు నేలకూ పరిచితమైన ఈ ఆచారం ఆరోగ్యానికి మేలు చేసి ఉండవచ్చు. కానీ ఫలితం ఒకటి, ఉద్దేశం మరొకటి.

గడియారపు రాక

రైళ్ళు, కచేరీలు, మిల్లులు గంటల కాలాన్ని నిత్యజీవితంలోకి తెచ్చాయి. దక్షిణాది రైళ్ళు తొలుత మద్రాసు కాలాన్ని పాటించాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆంగ్లో ఇండియన్ వాడుకలో మధ్యాహ్నపు తేలిక భోజనమైన 'టిఫిన్' తెలుగులో ఉదయానికీ సాయంత్రానికీ మారి, చాలా ఇళ్ళలో చద్ది స్థానాన్ని ఆక్రమించింది. చద్దికి ఒక వేళ ఉంది. టిఫినుకు అలాంటి వేళ లేదు. ఆఫీసుకో బడికో వెళ్ళే సమయమే దాని సమయాన్ని నిర్ణయించింది. తిండి కాలానికి పేరుపెట్టిన స్థితి పోయి, కాలం తిండికి అనుమతినిచ్చే స్థితి వచ్చింది.

విద్యుద్దీపం ఈ మార్పును పూర్తిచేసింది. రాత్రి పనివేళ అయింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు మించి ఎడతెగకుండా పనిచేయించరాదనీ, కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ నిర్దేశించింది. శ్రామికోద్యమాల చరిత్రలో ఈ హక్కు విలువైనది. అయితే విరామం నిడివినే చట్టం చూసింది. అర్ధరాత్రి విరామంలో తిన్న అన్నానికీ మధ్యాహ్నపు అన్నానికీ దాని దృష్టిలో భేదం లేదు.

దేహం లెక్కించే కాలం

ఆ భేదాన్ని గుర్తించినది జీవశాస్త్రం. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి వంటి మొక్క చీకటి గదిలోనూ వేళకు ఆకులు విప్పి ముడవడం నమోదు చేశాడు. 1971లో కొనొప్కా, బెంజర్ ఈగలలో ఈ లయను శాసించే జన్యువును గుర్తించారు. క్షీరదాల మెదడులో హైపోథలామస్‌లోని ఒక చిన్న కేంద్రకమే ప్రధాన గడియారమని 1972లో తేలింది. భోజనం ప్రాముఖ్యం 2000లో జెనీవా ప్రయోగంతో స్పష్టమైంది. రాత్రి తిరిగే ఎలుకలకు పగలు మాత్రమే మేత పెట్టినప్పుడు కాలేయపు గడియారం తలకిందులైంది; మెదడులోనిది మాత్రం వెలుతురునే అనుసరించింది. ఒకే దేహంలో రెండు కాలాలు నడిచాయి.

మనుషుల్లో దీని పర్యవసానాన్ని 2009లో బోస్టన్ పరిశోధకులు కొలిచారు. పదిమందిని 28 గంటల 'దినచర్య'లో ఉంచి, తిండి, నిద్ర జీవగడియారానికి 12 గంటలు ఎడమయ్యేలా చేసినప్పుడు రక్తంలో గ్లూకోజ్ 6 శాతం, ఇన్సులిన్ 22 శాతం పెరిగాయి. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ 17 శాతం తగ్గింది. సాయంత్రం తరువాత గ్లూకోజ్‌ను సంబాళించే శక్తి సన్నగిల్లడమూ, చీకటిపడ్డాక పెరిగే మెలటోనిన్ ఇన్సులిన్ స్రావాన్ని మందగింపజేయడమూ దీనికి తోడ్పడే కారణాలు. 2021లో 19 మందిపై జరిగిన మరో ప్రయోగంలో, కృత్రిమ రాత్రిషిఫ్టులో రాత్రిపూట కూడా తిన్నవారికి గ్లూకోజ్ సగటున 6.4 శాతం పెరగగా, పగలు మాత్రమే తిన్నవారికి చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు.

ఈ ఫలితాలను అతిగా విస్తరించరాదు. ఇవి కొద్దిమందిపై, కొద్దికాలం జరిగిన ప్రయోగాలు. 2022లో చైనాలోని గ్వాంగ్జౌలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిగిన అధ్యయనంలో, కేలరీలు తగ్గించి ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపు తిన్నవారికీ, కేవలం కేలరీలు తగ్గించినవారికీ బరువు తగ్గుదలలో గణనీయమైన తేడా కనబడలేదు. ఎప్పుడు తినాలన్నది ఎంత తినాలన్న ప్రశ్నకు ప్రత్యామ్నాయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ముగింపు

'పూట', 'పొద్దు', 'చద్దివేళ' వంటి మాటలు శరీరశాస్త్ర సిద్ధాంతాలు కావు. వెలుగు, పని, తిండి ఒకే తాటిమీద నడిచిన ఒక జీవనవిధానానికి అవి సాక్ష్యాలు. ఆ విధానం బలవంతపుదే. అందులో ఆకలి కూడా ఉంది. దాన్ని స్వర్ణయుగంగా చూపితే దాని వెనుకనున్న దారిద్ర్యం మరుగునపడుతుంది. అలాగని ఆ మాటలను పాతకాలపు ముచ్చట్లుగా కొట్టివేస్తే, మూడూ విడిపోయినప్పుడు దేహం ఏ మూల్యం చెల్లిస్తున్నదో చెప్పే చారిత్రక ప్రమాణం చేజారుతుంది. ఆ మూల్యాన్ని నేడు ముందుగా చెల్లిస్తున్నది సింగరేణి గనుల్లో, ఆసుపత్రుల్లో, హైదరాబాదు కార్యాలయాల్లో రాత్రి పనిచేసేవారు. వారికి వేళకు తినమని చెప్పే హితబోధ చాలదు. వేళ వారి చేతిలో లేదు. శ్రామిక చరిత్రలో పనిగంటల సంఖ్య, విరామపు నిడివి హక్కులయ్యాయి. భోజనవేళ కూడా ఆ చర్చలో భాగం కావలసి ఉంది. 'పూట గడవడం' అన్న పలుకుబడికి ఇక తిండి దొరకడంతోపాటు, అది దేహం స్వీకరించగల వేళకు దొరకడం అన్న అర్థాన్నీ చేర్చుకోవలసి ఉంటుంది.