ఫతేమైదానము: నేల చెప్పే చరిత్ర

వికారాబాదు, తాండూరుల నుండి రైలులో వచ్చి నాంపల్లిలో దిగినవారు కాలినడకన చేరగల దూరములో లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం ఉన్నది. పాతవారు నేటికీ దానిని ఫతేమైదానమనే అంటారు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు మొగలు సేనలు ఇక్కడ విడిది చేసినవనీ, కోట వశమైన పిమ్మట విజయసూచకముగా ‘ఫతే’ అను పేరు వచ్చినదనీ చెప్పుతారు. నిజాముల కాలములో ఇది పోలో ఆటస్థలము. 1950 ప్రాంతమున స్టేడియముగా రూపొందినది. 1967లో నేటి పేరు పెట్టినారు.

1955 నవంబరులో హైదరాబాదు తన మొదటి టెస్టు మ్యాచిని ఈ మైదానములోనే చూచినది. న్యూజిలాండుపై పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసినాడు. టెస్టులలో భారతీయుడు చేసిన మొదటి ద్విశతకమది. 1969లోను, 1988లోను జరిగిన తరువాతి టెస్టులలో ప్రత్యర్థి మళ్ళీ న్యూజిలాండే! 2010లో ఉప్పల్‌లో నగరపు కొత్త స్టేడియము తొలి టెస్టు జరుపుకొన్నప్పుడు వచ్చినది కూడ వారే.

వీటిలో విజ్ఞానశాస్త్ర విద్యార్థి శ్రద్ధగా చూడవలసినది 1969 అక్టోబరు నాటి మ్యాచి. ఆట సాగుచుండగా వాన పడినది. విరామదినమున పిచ్ మీది గడ్డిని కోయించవలెనని నియమము. అంపైర్లు ఆ పని మరచినారు. మరునాడు కోయించబోగా, నియమము దాటిపోయినదని న్యూజిలాండు నాయకుడు గ్రాహమ్ డౌలింగ్ ఒప్పుకొనలేదు. పచ్చగడ్డి మీద బ్యాటు పట్టిన భారతజట్టు 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పోగొట్టుకొని, చివరకు 89తో ముగించినది. రెండవ ఇన్నింగ్సులో 76 పరుగులకు ఏడుగురు అవుటై ఓటమి అంచున నున్నప్పుడు మళ్ళీ వాన వచ్చి ఆదుకొన్నది!

ఒక పచ్చిక ఇంత పని ఎట్లు చేయగలదు? తాండూరు కందిచేల నల్లరేగడిని ఎరిగినవారికి జవాబు సగము తెలిసినట్లే. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు చేయి పట్టునంత బీటలు వారును. బంకమన్నులోని కొన్ని ఖనిజములు అతి పలుచని పొరలుగా ఉండి, ఆ పొరల నడుమకు నీటిని పీల్చుకొనుటయే దీనికి కారణము. పిచ్‌కు కావలసినది కూడ బంక పాలు ఎక్కువగా ఉన్న మట్టియే. 22 గజముల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఆ చోటును తడిపి, రోలరు నడిపి, ఎండనిస్తారు. నీరు పోయిన కొద్దీ మట్టిరేణువులు దగ్గరై బండవలె బిగుసుకొనును. గడ్డివేళ్ళు అడుగు తేమను తోడి, మట్టి విడిపోకుండ పట్టి ఉంచును. కనుక వేరు మిత్రమే. పైకి పెరిగిన ఆకు మాత్రము బౌలరు పక్షము. బంతి కుట్టు ఆకులకు, తడినేలకు తగిలి పట్టు దొరికినప్పుడు, ఏ పక్కకు తిరుగునో ముందుగా తెలియదు.

అదే మైదానములో, చక్కని పిచ్ మీద, 1999 నవంబరు 8న టెండూల్కర్, ద్రావిడ్ ఒక వన్డేలో రెండవ వికెట్టుకు 331 పరుగులు జోడించినారు. ప్రత్యర్థి ఎవరో చెప్పనక్కరలేదు. 2005 నుండి అంతర్జాతీయ పోటీలు ఉప్పల్‌కు తరలిపోయినవి.

అయినను ఫతేమైదానము ఖాళీగా లేదు. 2004లో వై. ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న వికారాబాదు జిల్లాలోని కొడంగల్ శాసనసభ్యుడు రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణము చేసినది ఇక్కడే. నగరము నడిబొడ్డున ఇంత వెడల్పు నేల మరొకటి సులువుగా దొరకదు గనుక ప్రభుత్వ ఉత్సవములు, సభలు ఇక్కడికి వచ్చుచుండును. జనానికి ఇది సదుపాయమే, గడ్డికి కాదు. పిచ్‌లో రోలరు చేసే పనినే మిగిలిన మైదానములో వేల పాదములు, వేదికలు మోసుకొచ్చిన బండ్ల చక్రాలు చేయును. ఇరవైరెండు గజములలో మేలైన ఆ నొక్కుడు చుట్టుపక్కల కీడు. రేణువుల మధ్య సందులు మూసుకొని, వేళ్ళకు గాలి అందదు, వాననీరు ఇంకదు. అట్టి నేలను ఇనుపమొలలతో పొడిచి, రంధ్రములలో ఇసుక నింపి, గడ్డి మళ్ళీ వేళ్ళూనువరకు కొన్ని వారములు ఎవరినీ అడుగు పెట్టనీయకుండ ఉంచవలసియుండును.