మెట్టుకూ ఎస్కలేటరుకూ భేదమేమి?



'మెట్టు' అన్నది మన భాషలో నామవాచకమే కాదు, క్రియ కూడాను. తొక్కడం, అడుగు పెట్టడం దాని అర్థాలు. వధువు అడుగుపెట్టిన ఇల్లు మెట్టినిల్లయింది. రాతిపలకకు ఆ పేరు దక్కింది మనిషి పాదం వల్లనే. పాదం మోపేవారు లేకుంటే అది ఉత్త రాయి.

'ఎస్కలేటరు' పుట్టుక వేరు. లాటినులో 'స్కాలా' అంటే మెట్లు, నిచ్చెన. ఆ మాటను ఆధారం చేసుకొని అమెరికా దేశీయుడైన ఛార్లెస్ సీబర్గర్ తన యంత్రానికి ఈ పేరు కల్పించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఓటిస్ సంస్థ దానిని ప్రదర్శించి బహుమతి పొందింది. 1950లో ఆ పేరుపై సంస్థకున్న ప్రత్యేక హక్కు రద్దయింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, సంజ్ఞావాచకం జాతివాచకంగా మారిపోయింది!

ఈ రెంటి చరిత్రలనూ పక్కపక్కన పెడితే ఒక విశేషం కనబడుతుంది. మా మంగళగిరిలో పానకాల నరసింహస్వామి కొండకు చన్నాప్రగడ బలరామదాసు గారు ఎంతో శ్రమకోర్చి మెట్లు కట్టించినది 1890లో. ఆ తరువాత రెండేళ్ళకే, 1892లో, జెస్సీ రెనో అనే ఇంజనీరు అమెరికాలో కదిలే వాలుదారికి పేటెంటు పొందాడు. 1896లో న్యూయార్కు వద్ద కోనీ ద్వీపంలో దానిని నెలకొల్పాడు. అది జనాన్ని ఎక్కించిన ఎత్తు సుమారు ఏడడుగులు. అంటే మన కొండమెట్లూ ఆ యంత్రమూ ఇంచుమించు ఈడువారే.

కనుక మెట్లంటే ప్రాచీనమనీ, తపస్సనీ, ఎస్కలేటరంటే సుఖలాలస అనీ తేల్చివేయడం న్యాయం కాదు. రాళ్ళ మీద పడిలేస్తూ ఎక్కిన వారికి బలరామదాసు గారి మెట్లే గొప్ప సౌకర్యం. 2004లో వచ్చిన ఘాట్ రోడ్డు కూడా మోకాళ్ళు సహకరించని నాబోటి వారికి ఉపకారమే చేసింది. విజయవాడ రైల్వే స్టేషనులో ఎస్కలేటరు ఎక్కే వృద్ధులను చూసి నొచ్చుకోవలసినదేమీ లేదు.

మరి భేదమెక్కడ? ఎస్కలేటరు మెట్టుకు తనదంటూ ఒక చోటు లేదు. గొలుసుకు కట్టుబడి పైకి పోతుంది, పలకగా మారి లోపలికి జారుకుంటుంది, అడుగునుంచి మళ్ళీ మొదటికి వస్తుంది. దాని మీద నిలబడినవాడు తన ఇష్టాన ఆగలేడు. ఆగినా యంత్రం ఆగదు. రాతిమెట్టు ఉన్నచోటనే ఉంటుంది. అందుచేత దాని పక్కన చరిత్ర నిలువగలిగింది.

మంగళగిరి మెట్లకు కుడివైపున కృష్ణదేవరాయల కాలపు శాసనస్తంభం ఉంది. అది 1520 నాటిది. 1515లో ఆయన కొండవీడును గెలుచుకున్న తరువాత అయిదేళ్ళకు వెలసినది. మరికాస్త ఎగువన చైతన్య మహాప్రభువు పాదముద్రలని భక్తులు నమ్మే చోటుంది. ఊపిరి తీసుకోవడానికి ఆగినవాడి కంట ఇవి పడతాయి. బండిలో పైకి చేరినవాడికి స్వామి దర్శనం సంపూర్ణంగానే లభిస్తుంది, కాని దారిలోని అయిదు శతాబ్దాలు లభించవు.

పానకాల స్వామి భక్తుడు పోసిన పానకంలో సగం పుచ్చుకొని, సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని ప్రసిద్ధి. మెట్లు కట్టించిన వారి ధర్మమూ ఇటువంటిదే అనిపిస్తుంది. కొండంత శ్రమలో సగం ఆయన పుచ్చుకొన్నాడు; తక్కిన సగం ఎక్కేవాడికి వదిలాడు. ఎస్కలేటరు మనకేమీ మిగల్చదు.

మోకాళ్ళు బాగున్న పాఠకులకు, వారి పిల్లలకు నా మనవి ఒక్కటే. ఈసారి మంగళగిరికి వచ్చినప్పుడు మెట్లదారిన ఎక్కండి. కుడివైపు శాసనం ముందు కాసేపు ఆగండి. ఆ రాయలు ఎవరో పిల్లలకు చెప్పండి. మీరు ఎక్కుతున్న మెట్లు కట్టించిన బలరామదాసు గారి పేరు కూడా చెప్పండి. రాయల పేరు ఎలాగూ నిలుస్తుంది. దాసుగారి పేరు మనం చెబితేనే నిలుస్తుంది.