మోసుకెళ్లినవారి చరిత్ర

భారత వైమానిక దళానికి దక్కిన పరమవీర చక్ర ఒక్కటే. 1971 డిసెంబర్‌లో శ్రీనగర్ ఆకాశంలో శత్రు విమానాలతో ఒంటరిగా తలపడి ప్రాణాలిచ్చిన ఫైటర్ పైలట్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్‌కు అది దక్కింది. అయితే ఆయన కాపాడిన ఆ శ్రీనగర్ రన్‌వే అసలు మన చేతిలో మిగలడానికి కారణం, అంతకు 24 ఏళ్ల ముందు అక్కడ దిగిన రవాణా విమానాలు. సేఖోన్ పేరు మన పిల్లల పాఠాల్లోకి వచ్చింది. డకోటాలు నడిపినవారి పేర్లు రాలేదు. ఇందులో సేఖోన్ గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. మన గౌరవమే కాల్చేవాడి దగ్గర ఆగిపోయి, మోసేవాడి దాకా వెళ్లలేదు. వాళ్ల ఇళ్ల దాకా అసలే వెళ్లలేదు.

1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి 1 సిక్కు పటాలం జవాన్లను ఎక్కించుకుని డకోటాలు బయల్దేరాయి. వైమానిక దళానివి చాలక పౌర విమాన సంస్థల డకోటాలనూ తీసుకున్నారు. శ్రీనగర్ మైదానం అప్పటికి మన చేతిలో ఉందో, దాడిదారుల చేతిలోకి పోయిందో ఢిల్లీలో ఎవరూ కచ్చితంగా చెప్పలేని పరిస్థితి. ముందు పైనుంచి ఒక చుట్టు చుట్టి చూసుకోవాలి, ఫరవాలేదనిపిస్తే దిగాలి. దిగారు. జవాన్లకు నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ ఆ పోరులోనే నేలకొరిగారు. డకోటాలు మాత్రం ఖాళీ అయిన మరుక్షణం మళ్లీ ఢిల్లీ దారి పట్టి, ఇంకో దళాన్ని తెచ్చాయి. స్వతంత్ర భారతంలో సైనిక రవాణా విమానాల చరిత్ర ఇలా మొదలైంది.

ఆ చరిత్రకు తొలి నాయకుడు ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్. దళంలో అందరికీ ఆయన 'బాబా'. ఆ ఏడాది డిసెంబర్‌లో ముట్టడిలో చిక్కుకున్న పూంచ్ పట్టణంలో మొదటి డకోటాను ఆయనే దించారు. ఆ రన్‌వేను వేసింది పట్టణవాసులూ, అక్కడికి చేరిన శరణార్థులూ. ఒకపక్క గుళ్లు పడుతుంటే నేల చదును చేశారు. రాత్రిపూట నూనె దీపాల వరుసలే రన్‌వేకు గుర్తు. వెళ్లేటప్పుడు ఫిరంగులు, తిండిగింజలు. వచ్చేటప్పుడు గాయపడ్డవారు, శరణార్థులు. ముట్టడి ఏడాదిపాటు సాగినా పూంచ్ లొంగలేదంటే ఆ డకోటాల రాకపోకలే కారణం.

తర్వాత లేహ్. సోనమ్ నోర్బూ అనే లద్దాఖీ ఇంజనీరు స్థానికులను కూడగట్టి, సింధు నది పక్కన, 11,500 అడుగుల ఎత్తులో మట్టి రన్‌వే సిద్ధం చేశాడు. 1948 మే 24న మెహర్ సింగ్ అక్కడ డకోటా దించారు. పక్కన కూర్చున్నది మేజర్ జనరల్ తిమ్మయ్య. ఆ దారికి పటాలు లేవు. జోజిలా, ఫోటూలా కనుమలు దాటడానికి డకోటాను దాని శక్తి ఉన్నంతమేరా పైకి లేపాలి. రెక్కల మీద పేరుకునే మంచును కరిగించే ఏర్పాటు లేదు. విమానం లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటూ లేదు. అంత పెద్ద అధికారి ఆ మొదటి ప్రయాణం కింది పైలట్ చేత చేయించి ఉండొచ్చు. చేయించలేదు, తానే నడిపారు. తాను ముందు దిగి చూపించకుండా కుర్రాళ్లను పంపనన్న ఆ పట్టుదలే రవాణా దళానికి ఆయన ఇచ్చిన ఆస్తి అని నా అభిప్రాయం. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. 1952లో విమాన ప్రమాదంలోనే చనిపోయారు.

1950లలో ప్యాకెట్లు వచ్చాయి. జంట తోకల మధ్య వెనుక తలుపులు తెరుచుకునే అమెరికన్ విమానాలివి. ఎత్తైన చోట్ల వాటి రెండింజన్ల బలం చాలకపోతే, వీపు మీద ఒక జెట్ ఇంజన్ బిగించారు. అలాంటి ప్యాకెట్‌నే 1962 జులై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే 16,600 అడుగుల ఎత్తున ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దించారు. మరో మూడు నెలలకే చైనాతో యుద్ధం. అక్టోబర్‌లో సోవియట్ ఏఎన్-12లు చండీగఢ్ నుంచి ఏఎంఎక్స్-13 ట్యాంకులను చుషుల్‌కు మోశాయి. విమానం నేల ఆ బరువును తట్టుకునేలా చేసి, ట్యాంకును అంగుళం అంగుళంగా లోపలికి ఎక్కించారు. అంత ఎత్తున ట్యాంకు కనిపిస్తుందని ఎదుటివాడు ఊహించి ఉండడు.

ఈశాన్య సరిహద్దులో పని ఇంకో రకం. అక్కడ దిగడానికి చోటే ఉండదు, సరుకు జారవిడవాలి. డకోటా పక్క తలుపు ఊడదీసి, నడుముకు పట్టీ కట్టుకున్న మనుషులు ఆ వాకిట్లో నిలబడతారు. బియ్యం బస్తాను ఇంకో బస్తాలో పెట్టి కుడతారు, కిందపడి లోపలిది చిట్లినా గింజలు బయటి దాంట్లో ఆగాలని. ఇరుకు లోయలో పైలట్ విమానాన్ని వంచి తిప్పుకొస్తాడు. సంకేతం రాగానే చేతులతో, కాళ్లతో బస్తాలు తోస్తారు. ఒక్క చుట్టులో అన్నీ పడవు, మళ్లీ తిరగాలి. మబ్బు కమ్మితే లోయలో వెనక్కి తిప్పే చోటుండదు. కొండమీది చౌకీలో జవాను వండుకున్న అన్నం ఇలా వచ్చిందే. దీనికి పతకాలు రావు. ఇది 'మామూలు డ్యూటీ'.

ఆ మామూలు డ్యూటీలోనే 1968 ఫిబ్రవరి 7న ఒక ఏఎన్-12 చండీగఢ్ నుంచి లేహ్‌కు లేచింది. విమానంలో సిబ్బందితో కలిపి 102 మంది. లేహ్ దగ్గర వాతావరణం బాగాలేక పైలట్ వెనుదిరిగాడు. రోహ్‌తాంగ్ కనుమ ప్రాంతంలో సంబంధం తెగిపోయింది. ఎంత వెతికినా విమానం దొరకలేదు. యుద్ధం లేదు, శత్రువు లేడు. ఇళ్లకు అందిన సమాచారమల్లా 'ఆచూకీ లేదు' అని.

2003లో మనాలీ పర్వతారోహణ సంస్థ బృందానికి లాహౌల్‌లోని ఢాకా హిమానీనదంలో విమాన శకలాలు, ఒక జవాను అవశేషాలు కనిపించాయి. అప్పటినుంచి సైన్యం విడతలు విడతలుగా ఆ మంచులో గాలించింది. 2019 నాటికి దొరికినవి ఐదు భౌతికకాయాలు. 2024 సెప్టెంబర్ చివర్లో డోగ్రా స్కౌట్స్ ఉన్న బృందానికి మరో నాలుగు దొరికాయి. వారిలో ఒకరు కేరళలోని ఇలంతూరు యువకుడు. వెళ్లేనాటికి వయసు 22. తిరిగి వచ్చేనాటికి 56 ఏళ్లు గడిచాయి, తోబుట్టువులు ముసలివాళ్లయ్యారు. సహారన్‌పూర్ జిల్లాకు చెందిన మరొకరి భార్యా, కొడుకూ అప్పటికే చనిపోయారు. తాతను ఎన్నడూ చూడని మనవళ్లు అంత్యక్రియలు జరిపారు.

ఆ ఇళ్లలో ఆ 56 ఏళ్లూ ఎలా గడిచాయో ఆలోచించకుండా రవాణా దళం చరిత్ర రాయడం న్యాయం కాదు. యుద్ధంలో పోయినవాడి ఇంటికి పేటిక వస్తుంది, తుపాకుల వందనం ఉంటుంది, ఊరంతా కదిలి వస్తుంది. మంచులోనో సముద్రంలోనో తప్పిపోయినవాడి ఇంట్లో ఏడవడానికి కూడా అనుమతి దొరకదు. ఏడిస్తే ఆశ వదులుకున్నట్టు. కర్మ ఏ తిథికి చేయాలి? తద్దినం ఎప్పుడు పెట్టాలి? భార్య బొట్టు సంగతి ఎవరు తేల్చాలి? ఏడేళ్లపాటు జాడ తెలియనివాడిని చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. సైన్యం విచారణ జరిపి అంతకు ముందే ప్రకటన చేస్తుంది కాబట్టి పింఛను కాగితాలు కదులుతాయి. మనసు కదలదు.

1971 యుద్ధం నాటికి రవాణా దళం అన్ని రకాల పనులూ నేర్చింది. డిసెంబర్ 11న ఢాకా నగరానికి ఉత్తరాన టంగాయిల్ దగ్గర 2 పారా దళాన్ని ఏఎన్-12లు, ప్యాకెట్లు, కారిబూలు, డకోటాలు కలిసి దించాయి. పశ్చిమాన 44 స్క్వాడ్రన్ సిబ్బంది తమ ఏఎన్-12లలో బాంబులు పేర్చుకుని రాత్రిళ్లు వెళ్లి దాడులు చేశారు. దాని నాయకుడు వింగ్ కమాండర్ వశిష్ఠ్‌కు మహావీర చక్ర వచ్చింది. ఆయన దానికి నూటికి నూరుపాళ్లూ అర్హులు. కానీ ఒక విషయం గమనించాలి. ఆ యుద్ధంలో రవాణా విమానం బాంబర్ అయిన రాత్రే దానికి అంత పెద్ద పతకం అందింది.

1980ల మధ్యలో ఏఎన్-32లు, ఐఎల్-76లు వచ్చాయి. ఏఎన్-32 రాకే విషాదంతో ముడిపడింది. 1986 మార్చిలో సోవియట్ యూనియన్ నుంచి తెస్తున్న ఒక విమానం అరేబియా సముద్రం మీద ఏడుగురితో మాయమైంది, ఇప్పటికీ జాడ లేదు. 1988 నవంబర్ 3 రాత్రి మాల్దీవుల అధ్యక్షుడు సాయం అడిగిన కొన్ని గంటలకే ఆగ్రా నుంచి లేచిన ఐఎల్-76లు హుల్హులే దీవి రన్‌వే మీద దిగాయి. ముందు విమానం గ్రూప్ కెప్టెన్ అనంత్ బేవూర్‌ది. సియాచిన్‌కు సరుకు మోసే పని ఆ దశాబ్దంలోనే మొదలై నేటికీ ఆగలేదు. లద్దాఖ్‌లో పొద్దెక్కేకొద్దీ గాలులు రేగుతాయి, గాలి పలచబడి ఇంజన్ల బలం తగ్గుతుంది. కాబట్టి చండీగఢ్‌లో చీకటితోనే ఇంజన్లు మోగుతాయి. పిల్లలు బడికి లేచేసరికి తండ్రి హిమాలయాల మీద ఉంటాడు.

ఈ శతాబ్దంలో వచ్చిన సీ-130జే, సీ-17లతో దేశప్రజలకు రవాణా దళం కాస్త కళ్లబడింది. 2013 ఆగస్టులో సీ-130జే దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. 2021లో కాబూల్ నుంచి, 2023లో సూడాన్ నుంచి మనవాళ్లను తీసుకొచ్చారు. సూడాన్‌లోని వాదీ సయీద్నా రన్‌వే మీద దీపాల్లేవు, దారి చూపే పరికరాల్లేవు. రాత్రిపూట చూసే కళ్లద్దాలతో దిగి, 121 మందిని ఎక్కించుకుని లేచారు. సీ-130జే తోక భాగాలు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో తయారవుతాయి. వైమానిక దళంలో ఏ విమానం నడిపే పైలట్ అయినా దుండిగల్ అకాడమీ గడప తొక్కాల్సిందే. మన నేలకు ఈ దళంతో ఉన్న బంధం అది. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో అల ముంచెత్తినప్పుడు బేగంపేట నుంచి సీ-17లు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు మోశాయి. నింపిన ట్యాంకర్లను గాల్లో తేవడం ప్రమాదం. అందుకే పోయేది విమానంలో, వచ్చేది రోడ్డు మీద. ఒకవైపు ప్రయాణం మిగిలినా ఎన్నో ఊపిరులు నిలుస్తాయన్నది ఆనాటి లెక్క.

ఆ బంధంలో శోకమూ ఉంది. 2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు లేచిన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. యూనిఫాం వేసుకున్నవాళ్లు కాదు, పని మీద వెళ్తున్న సివిలియన్లు. బంగాళాఖాతం మీద విమానం మాయమైంది. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. సెప్టెంబర్‌లో అందరూ చనిపోయినట్టు భావిస్తున్నామని ప్రకటించారు. చివరకు 2024 జనవరిలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత జలాంతర్గామి వాహనం, తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటోలు తీసింది. ఏడున్నరేళ్ల తర్వాత ఆ కుటుంబాలకు దక్కింది ఆ ఫొటోలు.

2019 జూన్ 3న జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకాకు ఏఎన్-32 లేచింది. ఆ సమయంలో జోర్హాట్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ డ్యూటీలో ఉన్న అధికారిణి, విమానం నడుపుతున్నవారిలో ఒకరి భార్య. మధ్యాహ్నం 12:27కు విమానం లేచింది. ఒంటిగంట ప్రాంతంలో సంబంధం తెగింది. ఎనిమిది రోజుల తర్వాత లిపోకు ఉత్తరాన కొండల మధ్య శకలాలు కనిపించాయి. పదమూడు మందిలో ఎవరూ బతకలేదు. వారి దేహాల కోసం ఆ అడవిలోకి దిగిన సైనికులు, స్థానిక పర్వతారోహకులు వానల్లో తామే చిక్కుపడి రోజుల తరబడి అక్కడే ఉండిపోయారు.

ఆ సాహసం గురించి మనం తగినంత మాట్లాడుకోలేదు. దళాలవారికి పతకం కన్నా పెద్ద గౌరవం ఏదైనా ఉంటే అది ఈ వెతుకులాటే. ప్రభుత్వ నిబంధనల్లో యుద్ధంలో, ప్రకటిత సైనిక చర్యల్లో పోయినవారి కుటుంబానికి చివరి జీతంతో సమానమైన పింఛను ఉంటుంది. డ్యూటీలో ప్రమాదానికి పోయినవారిది వేరే తరగతి, మొత్తమూ తక్కువ. లోయలో బస్తాలు జారవిడుస్తూ కూలినవాడి ఇంటికి ఆ తేడా ఎలా నచ్చజెబుతాం? ఈ తరగతుల గోడను సడలించాలని నేను గట్టిగా నమ్ముతాను. కుటుంబాలు తమంతట తాముగా చేసుకున్న గౌరవాలూ ఉన్నాయి. ఒకప్పటి డకోటా పైలట్ ఎయిర్ కమోడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కొడుకు రాజీవ్ చంద్రశేఖర్ ఒక పాత డకోటాను బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. దానికి 'పరశురామ' అని పేరు పెట్టి, వీపీ 905 అంకె వేశారు. 1947లో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా సంఖ్య అది. 2018లో అది బ్రిటన్ నుంచి ఎగురుకుంటూ వచ్చింది.

ఏఎన్-32లు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. వాటిని ఆధునికం చేయడానికి 2009లో ఉక్రెయిన్‌తో కుదిరిన ఒప్పందం 2014 తర్వాత అక్కడి కల్లోలంలో దెబ్బతిన్నది. వాటి స్థానంలో కొత్తగా మధ్యతరహా రవాణా విమానం కోసం 2022 డిసెంబర్‌లో వైమానిక దళం తయారీదారులను వివరాలు అడిగింది. ఎన్ని టన్నులు మోస్తుంది, ఎంత చిన్న రన్‌వే మీద దిగుతుంది అన్నవి సహజంగానే ఆ ప్రశ్నల్లో ముందుంటాయి. 2016లో సముద్రం నుంచీ, 2019లో కొండల నుంచీ కూలిన విమానం ఉనికి చెప్పే సంకేతం ఏదీ అందలేదు. కూలిన చోటును తానే చెప్పగల పరికరం, నీళ్లలోనైనా మంచులోనైనా పనిచేసేది, ఆ కొత్త విమానంలో ఉండాలి. అది వచ్చేదాకా ఎగిరే ప్రతి పాత ఏఎన్-32లోనూ ఇప్పుడే బిగించాలి.