గోల్కొండ అనే ఓడలు

తొలకరి పడిందంటే ఆదోనికి ఆగ్నేయాన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలవంచుకుని తిరుగుతుంటారు. వజ్రం దొరుకుతుందేమోనని ఆశ. గోల్కొండ వజ్రాలని లోకం పిలిచే రాళ్లకు గోల్కొండలో గనే లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో, మన కర్నూలు సీమ రామళ్లకోటలో తవ్వినవి గోల్కొండ బజారులో అమ్ముడుపోయేవి. తవ్విన ఊళ్లకు దక్కని పేరు అమ్మిన ఊరికి దక్కింది. (గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కాలంలో మన ఆదోని కోట బీజాపూరు ఏలుబడిలో ఉంది గనక, మనకు ఆ పేరులో వాటా అడిగే హక్కూ లేదు.)

గోల్కొండ కోటకు సముద్రమూ లేదు. దాని రేవు మచిలీపట్నం. కుతుబ్‌షాహీల సరుకు అక్కణ్ణుంచే ఎర్రసముద్రం మీది మోఖాకు వెళ్లేది. రాజ్యం 1687లో ఔరంగజేబు చేతిలో పోయినా, ఇంగ్లీషు వాళ్ల నోట గోల్కొండ అంటే తరగని సిరి అనే అర్థం నిలిచిపోయింది. లాభం కోసం నీళ్లలోకి దించే ఓడకు అంతకన్న మంచి శకునం ఏముంటుంది? అలా 19వ శతాబ్దంలో ఒకదానితో ఒకదానికి సంబంధం లేని గోల్కొండలు పుట్టుకొచ్చాయి.

శకునం మాత్రం ఫలించలేదు. 1840లో నల్లమందు యుద్ధానికి 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలను చైనాకు తీసుకెళ్తున్న గోల్కొండ తుపానులో మునిగింది. ఎవరూ మిగల్లేదు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రోజులవి.

అమెరికా గోల్కొండల కథ మరీ విచిత్రం. ఒకటి న్యూబెడ్‌ఫోర్డ్ రేవుకు చెందిన తిమింగలాల వేట ఓడ. అంతర్యుద్ధంలో, 1864 జులైలో, బానిసత్వం కోసం పోరాడుతున్న దక్షిణ రాష్ట్రాల యుద్ధనౌక ఫ్లోరిడా దాన్ని పట్టుకుని, తిమింగలం నూనెతో సహా తగలబెట్టింది. రెండేళ్లకు, 1866లో, అదే పేరున్న మరో ఓడ ఆ దక్షిణాదిలోనే చార్ల్‌స్టన్ రేవు నుంచి బయల్దేరింది. అందులో ఉన్నది సంకెళ్లు తెగిన సుమారు 600 మంది నల్లజాతివాళ్లు. వాళ్ల ప్రయాణం ఆఫ్రికాలోని లైబీరియాకు. అమెరికన్ కాలనైజేషన్ సొసైటీ ఆ ఓడను అందుకోసమే కొన్నది. ఇన్ని గోల్కొండల్లో నాకు ముచ్చటగా తోచేది ఇదొక్కటే. అయినా ఆ వెళ్లినవాళ్లలో ఎంతమంది మనసారా వెళ్లారో, ఎంతమంది పుట్టిన నేల మీద బతకనివ్వక వెళ్లారో.

తెరచాపల కాలం ముగిశాక పేరు ఆవిరి ఓడలకెక్కింది. 1887 నాటి గోల్కొండ బ్రిటిష్ ఇండియా అనే ఓడల కంపెనీది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి జర్మన్ మిషనరీలను కుటుంబాలతో సహా దేశం దాటించింది అదే. 1916 జూన్‌లో ఇంగ్లండ్ తూర్పు తీరాన, ఆల్డెబరో దగ్గర, జర్మన్లు పరిచిన మందుపాతర తగిలి మునిగింది.