పండితసభలో పరికరము

పటాన్‌చెరువు ప్రాంతము వారికి లక్డారం అనగానే రాతి క్వారీలు గుర్తునకు వచ్చును. ఆ చుట్టుపట్ల మందుల ఫ్యాక్టరీలు, యంత్రముల కర్మాగారములు వెలసి చాల యేండ్లు గడచినవి. 2017లో, లక్డారమునకు ఎంతో దూరము కాని సుల్తాన్‌పూర్ వద్ద, సుమారు 250 ఎకరములలో వైద్య పరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగెను. రాయి కొట్టు సీమలో ఇప్పుడు గుండె నాళములలో ఇమిడెడు సన్నని స్టెంట్లు కూడ తయారగుచున్నవి.

ఇట్టి వస్తువు చేసినవారికి ఒకనాడు ఒక ప్రశ్న ఎదురగును. హృద్రోగ నిపుణులో, ఎముకల వైద్యులో ఏటేట జరుపుకొను మహాసభలో మన పరికరమును ప్రదర్శనకు పెట్టుదమా, మానుదమా? స్టాలు బాడుగ, ప్రయాణ వ్యయము చిన్న కర్మాగారమునకు తేలికైన భారము కాదు. కాని అసలు లెక్క రూపాయలలో లేదు. ఆ బల్లపై నుంచిన వస్తువు రేపు ఒక రోగి శరీరమును చేరును. ఈ సందేహము క్రొత్తది కాదు. చరిత్ర పుటలు కొన్ని త్రిప్పి చూతము.

1845 జనవరిలో అమెరికాలోని బోస్టను నగరమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు, నొప్పి తెలియకుండ పన్ను తీయుటకు తోడ్పడు వాయువును వైద్యుల యెదుట ప్రదర్శించెను. వాయువు నింపిన సంచిని కావలసినదానికంటె ముందే తొలగించిరి. రోగి కేక పెట్టెను, సభ గేలిచేసెను. వెల్స్ కనుగొన్నది నిజమే. సాధన చాలకమునుపే సభకెక్కుట వలన ఆ నిజము నవ్వులపాలయ్యెను.

మరుసటి యేట, 1846 అక్టోబరు 16న, అదే నగరమున వెల్స్ పూర్వ సహచరుడు విలియం మార్టన్ ఈథరుతో వచ్చెను. పీల్చెడు గాజు సాధనము చేతికందుట ఆలస్యమైనందున, అతడు వేళ మించిన పిదప గాని చేరలేదు. అయినను శస్త్రచికిత్స సఫలమయ్యెను. కాని మార్టన్ తన ద్రవము ఏదో చెప్పక దాచెను. చెప్పనిదే ఇక వాడబోమని ఆసుపత్రి వైద్యులు పట్టుపట్టిరి, చెప్పక తప్పలేదు.

మన హైదరాబాదు కూడ ఇట్టి పరీక్షకు వేదికయైనది. ఇచ్చటి రెసిడెన్సీ శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము వలన ముందుగా ఆగునది శ్వాసయే గాని గుండె కాదని వాదించెను. 1888లో ఇచ్చటి కమీషను తేల్చినదానిని లండనులోని లాన్సెట్ పత్రిక శంకించెను. ఆ పత్రిక పక్షమున ఒక నిపుణుని రప్పించుటకు నిజాము వేయి పౌనులు ఇచ్చెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, ప్రయోగములను స్వయముగా చూచి, లారీతో ఏకీభవించెను. అయినను తేలికపాటి క్లోరోఫారము మత్తులోనే గుండె హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. నిపుణుడు మెచ్చినంతనే పరీక్ష ముగియదు.

ఇక గుండె పరికరముల మాట. ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ అను వైద్యుడు జూరిచ్‌లో తన వంటింటి బల్లపై బెలూన్ కాథెటర్లు చేసికొనెను. 1976లో కుక్కలపై జరిపిన ప్రయోగముల ఫలితములను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సభలో ప్రదర్శింపగా పలువురు నమ్మలేదు. 1977 సెప్టెంబరు 16న ఆయన తొలిసారిగా ఒక రోగి గుండె నాళమును బెలూనుతో వెడల్పు చేసెను. అదే యేడు నవంబరులో నలుగురు రోగుల వివరములతో మరల సభకు వెళ్లెను. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. నలుగురే, కాని దాపరికము లేని లెక్క.

మన నగరముననే, క్షిపణుల కొరకు చేసిన తేలికైన పదార్థముతో అబ్దుల్ కలాం బృందము, నిమ్స్ ఆసుపత్రి పిల్లలు మోయుచున్న మూడు కిలోల కాలిపర్ల స్థానమున సుమారు 300 గ్రాములవి తయారుచేసెను. హృద్రోగ నిపుణుడు సోమరాజుతో కలిసి కలాం 1990ల దశకమున చవుక స్టెంటును కూడ రూపొందించిరి. ఆ కాలిపర్లు పుట్టినది వార్డులోని పిల్లల కష్టమును చూచి.

కనుక మా అభిప్రాయమిది. తొలి యేట స్టాలు తీసికొనక సభకు పోయి, వెనుక వరుసలో కూర్చుండి, వైద్యులు అడుగు ప్రశ్నలను వ్రాసికొనవలెను. ఆ ప్రశ్నలకు ఫలితములతో జవాబు చెప్పగలిగిన నాడే ప్రదర్శించవలెను. 2018 జనవరి 1 నుండి అమలులోనున్న నియమములు పరికరములను అపాయమును బట్టి నాలుగు తరగతులుగా విభజించినవి. స్టెంటు అత్యంత అపాయకరమైన తరగతికి చెందినది. వైద్యులకు కానుకలు ఇయ్యరాదని 2024 నాటి ప్రవర్తన నియమావళి చెప్పుచున్నది. కనుక స్టాలులో చూపదగినవి పరికరము, దాని ఫలితములు, దాని లోపములు.

అమ్మిన పిదప చెడినచో బాగుచేయువారు, కీడు కలిగినచో నమోదు చేయువారు ఉన్నారా యని కూడ యోచించవలెను. లేనిచో ఆ యేడు మానుట ఓటమి కాదు. వెల్స్ మరికొంత సాధన చేసియుండినచో, బోస్టనులో ఆ రోగి కేక వినబడకపోయి యుండునేమో.