అడయారు పందిళ్ళ నుంచి అమెరికా బడిదాకా

 పోయిన నెల ఇదే కార్యక్రమంలో ఇక్కడి మన ఆడవాళ్ళ ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటుంటే ఒక పెద్దాయన ఫోను చేసి, "మా మనవణ్ణి దింపడానికి వెళ్తే అక్కడొక తెలుగమ్మాయి. మా రెండో అమ్మాయి ఉండే ఊళ్ళోనూ అంతే. ఈ మాంటిసోరి బడులకీ మనవాళ్ళకీ ఏమిటండీ సంబంధం?" అని అడిగారు. ఆ రోజు టైము లేక నవ్వేసి ఊరుకున్నాం. ఇవాళ దానికి జవాబు చెప్తాను. నేను చరిత్రకారుణ్ణి కాదు. సాఫ్ట్‌వేరు కన్సల్టింగు చేసుకునేవాణ్ణి. కాకపోతే మా ఇంట్లోనే అలాంటి టీచరు ఒకరున్నారు కాబట్టి, ఆ సంగతులు చదవక తప్పలేదు.

ముందు మా ఇంటి సంగతి. నేను 2011లో మాస్టర్స్ చెయ్యడానికి వచ్చాను. పెళ్ళయ్యాక మా ఆవిడ 2016లో హెచ్-4 వీసా మీద వచ్చింది. ఎమ్మెస్సీ, బీఎడ్ చేసి, గుంటూరులో రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. హెచ్-4 మీద వచ్చినవాళ్ళలో కొందరు పని చేసుకోవచ్చని 2015 మే నెలలోనే రూలు వచ్చింది కానీ, దానికి నా గ్రీన్‌కార్డు కాగితాలు ఒక దశ దాటాలి. అది దాటేసరికి 2018 వచ్చింది. రెండేళ్ళు ఇంట్లోనే. అప్పుడు గవర్నమెంటు స్కూళ్ళ సంగతి కనుక్కుంటే రాష్ట్రం ఇచ్చే టీచరు సర్టిఫికెట్ కావాలన్నారు. మన డిగ్రీలను లెక్కకట్టించాలి, పరీక్షలు రాయాలి, కొన్ని కోర్సులు మళ్ళీ చదవాలి. ఇండిపెండెంటు స్కూళ్ళు అలా కాదు. ఫీజులతో, విరాళాలతో, సొంత బోర్డుతో నడుస్తాయి. చాలా రాష్ట్రాల్లో అక్కడ పనిచేసే టీచర్లకి ఆ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. పెద్దాయన ప్రశ్నకి సగం జవాబు ఇదే. మన డిగ్రీకి పెద్ద తలుపు తెరుచుకోని చోట ఈ చిన్న తలుపు తెరిచి ఉంది.

మా ఆవిడ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి అయోమయంగా కూర్చుంది. "పాఠం చెప్పమనలేదండీ. ఒక మూల చిన్న కుర్చీ వేసి, రెండు గంటలు మాట్లాడకుండా పిల్లల్ని చూడమన్నారు. చూసింది కాగితం మీద రాయమన్నారు" అంది. గుంటూరులో పాఠం చెప్పకుండా రెండు గంటలు కూర్చుంటే ఉద్యోగం ఊడుతుంది. ఇక్కడ అలా కూర్చున్నందుకు ఉద్యోగం వచ్చింది. అసిస్టెంటు ఉద్యోగం, గంటకి పద్నాలుగు డాలర్లు.

ఇలా చూస్తూ కూర్చోవడం అనే పద్ధతి ఎక్కడ మొదలైందో తెలియాలంటే రోము నగరానికి వెళ్ళాలి. 1907 జనవరి 6న, శాన్ లొరెంజో అనే పేటలో మొదలైంది. కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఉండే పెద్ద పెద్ద వాటాల ఇళ్ళని ఒక కంపెనీ బాగుచేయించి అద్దెలకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోతే చిన్న పిల్లలు మెట్ల మీదా గోడల మీదా ప్రతాపం చూపించేవారు. మళ్ళీ మళ్ళీ సున్నాలు వేయించే ఖర్చుకన్నా, ఆ పిల్లలందర్నీ ఒక గదిలో పెట్టి ఎవరినైనా కాపలా ఉంచితే చవక అని కంపెనీవాళ్ళు లెక్క వేసుకున్నారు. ప్రపంచమంతా పాకిన బడి ఏ ప్రభుత్వ పథకంలోంచీ పుట్టలేదు, గోడల మరమ్మతు లెక్కలోంచి పుట్టింది. నాకెందుకో ఈ సంగతి చాలా నచ్చుతుంది.

ఆ గది బాధ్యత డాక్టర్ మరియా మాంటిసోరికి అప్పగించారు. ఇటలీలో డాక్టరీ చదివిన మొదటి తరం ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. పిల్లల దగ్గర రోజంతా ఉండటానికి ఆవిడ పెట్టుకున్న మనిషి టీచరు ట్రైనింగు లేని మామూలు యువతి. అదే మేలైందని తర్వాత మాంటిసోరి అనేవారు. ట్రైనింగు ఉంటే పాఠం చెప్పడం మొదలుపెట్టేసేది కదా! వస్తువు ఎలా వాడాలో ఒకసారి చూపించి పక్కకి తప్పుకోవడమే పని. అందుకే ఆ మనిషికి టీచరు అని కాక, దారి చూపే మనిషి అనే అర్థంలో 'డైరెక్ట్రెస్' అని పేరు పెట్టారు.

అమెరికాకి ఈ పద్ధతి మొదటిసారి వచ్చినప్పుడు పెద్ద సంచలనమే అయింది. 1911లో పత్రికల్లో వ్యాసాలు, 1913లో ఆవిడ వచ్చి న్యూయార్కు కార్నెగీ హాల్లో ఉపన్యాసం, 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్లో అద్దాల గోడల వెనక ఒక తరగతి. ఈలోగా 1914లో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు కిల్‌పాట్రిక్ దీన్ని విమర్శిస్తూ ఒక పుస్తకం రాశారు. కొన్నాళ్ళకి ఆ ఉత్సాహమంతా చల్లారింది. నలభై ఏళ్ళ పాటు ఇక్కడ ఆ పేరు దాదాపు వినిపించలేదు. యూరప్‌లో మాత్రం నడిచింది, ముస్సోలినీతో చెడేదాకా. 1934లో ఆవిడ దేశం వదిలారు, ఇటలీలో ఆ బడులు మూతపడ్డాయి.

ఇక మన వైపు సంగతి. 1939 నవంబరులో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆవిడ కొడుకు మారియోతో కలిసి మద్రాసులో దిగారు. మన ఆంధ్ర జిల్లాలకి అప్పటికి మద్రాసే రాజధాని. పిలిచినవాళ్ళు అడయారు దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి. అవును, కళాక్షేత్ర రుక్మిణీదేవే. దేశం నలుమూలల నుంచీ మూడు వందలమందికి పైగా టీచర్లు శిక్షణకి వచ్చారు. అంతమందికి చోటు ఎక్కడిది? తాటాకు పందిళ్ళు వేశారు. పెద్దావిడ ఇటాలియన్‌లో చెప్పేవారు, మారియో పక్కన నిలబడి వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇటాలియన్‌లోంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటని వినేవాళ్ళు తమ మనసులో తమ తమ భాషల్లోకి మార్చుకోవాలి. మన వీకెండు తెలుగు తరగతుల్లో పిల్లలు పడే అవస్థ గుర్తొస్తుంది నాకు.

కొద్ది నెలలుండి వెళ్ళిపోదామనే వచ్చారు. కానీ 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. రాత్రికి రాత్రి తల్లీ కొడుకులు శత్రుదేశం మనుషులైపోయారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆవిణ్ణి వయసు చూసి శిబిరానికి పంపకుండా, అడయారు ఆవరణ దాటొద్దన్నారు. ఇక్కడ ఒక సంగతి ఉంది. మారియో ఆవిడ కన్నకొడుకే, కానీ పెళ్ళి కాకుండా పుట్టినవాడు. అందుకని లోకానికి మేనల్లుడనో దత్తుడనో చెప్పుకుంటూ వచ్చారు. ఆగస్టు 31న ఆవిడ డెబ్భయ్యో పుట్టినరోజుకి వైస్రాయి నుంచి తంతి వచ్చింది. మీ కొడుకుని విడుదల చేస్తున్నాం, పుట్టినరోజుకి ఇంతకన్నా మంచి కానుక మాకు తోచలేదు అని దాని సారాంశం. నలభై ఏళ్ళుగా కాగితం మీద లేని బంధుత్వం సర్కారువారి తంతిలో అచ్చుపడింది.

అయినా దేశం దాటి వెళ్ళడానికి లేదు. అడయారు వేడికి తట్టుకోలేక కొడైకెనాల్ కొండ మీదికి వెళ్ళారు. అక్కడ నడిచిన చిన్న బడిలో ఆవిడకి సహాయంగా ఉన్నది సింహళం నుంచి వచ్చిన లీనా విక్రమరత్నె. రకరకాల వయసుల పిల్లలు ఒకే చోట. కొండ మీద ఆకులు, పురుగులు, రాళ్ళు, వాగులు ఉండనే ఉన్నాయి. ఆరేళ్ళు దాటిన పిల్లలకి విశ్వం కథతో మొదలుపెట్టి అన్ని పాఠాలూ దానికి ముడిపెట్టే పద్ధతి చాలావరకు అక్కడ రూపు కట్టింది. మా ఆవిడ పనిచేసే బడిలో ప్రతి ఏడూ పెద్ద పిల్లలకి బెలూను పగలగొట్టి విశ్వం పుట్టుక చెప్తారు. దాని వేరు కొడైకెనాల్లో ఉందని అక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు?

1946లో యూరప్ వెళ్ళారు, 1947లో మళ్ళీ వచ్చి 1949 దాకా ఉన్నారు. మొత్తం మీద మన దేశంలో వెయ్యిమందికి పైగా టీచర్లని తయారుచేశారు. 'ది అబ్సార్బెంట్ మైండ్' అనే ఆవిడ ప్రసిద్ధ పుస్తకం అహ్మదాబాదు ఉపన్యాసాల నుంచి తయారై, 1949లో మద్రాసులోనే మొదట అచ్చయింది.

నిజానికి మద్రాసు నుంచి బడి పద్ధతి బయటికి ఎగుమతి కావడం అదే మొదలు కాదు. 1789 ప్రాంతంలో ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమం చూసుకున్న ఆండ్రూ బెల్ అనే పాదిరీ, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ముందు నేర్చిన పిల్లవాడు వెనకవాడికి నేర్పే ఏర్పాటు చేసి, దాన్ని ఇంగ్లండు పట్టుకెళ్ళాడు. 'మద్రాసు పద్ధతి' అనే అక్కడ పిలిచారు. మాంటిసోరి బడిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు తిప్పిస్తారు. మా నాయనమ్మ చింతగింజలు పరిచి 'అ' దిద్దించిన వేలే ఇది కూడా.

అమెరికాకి రెండోసారి ఈ పద్ధతి 1958లో వచ్చింది. నాన్సీ రాంబుష్ అనే ఒక తల్లి, కనెక్టికట్ గ్రినిచ్‌లో విట్బీ అనే బడి మొదలుపెట్టింది. 1960లో అమెరికన్ మాంటిసోరి సొసైటీ ఏర్పడింది. వందల బడులు లేచాయి, టీచర్లు కావాలి. కొడైకెనాల్లో పనిచేసిన లీనా విక్రమరత్నె కూడా తర్వాత కాలిఫోర్నియా వచ్చి ఇక్కడి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అంటే, మా ఆవిడకన్నా దశాబ్దాల ముందే మన వైపు నుంచి వచ్చిన ఆడమనిషి ఇక్కడివాళ్ళకి ఆ పని నేర్పింది.

1967లో ఇంకో మలుపు. మాంటిసోరి అనే పేరు ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదని ఇక్కడి ట్రేడ్‌మార్కు బోర్డు తేల్చింది. ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకే బడిలో చేర్చేముందు బోర్డు చూసి మురిసిపోకండి, లోపలికి వెళ్ళి టీచర్ల డిప్లొమా ఎక్కడిదో అడగండి. నేను చిన్నప్పుడు చదివిన బడి బోర్డు మీదా ఆ పేరే ఉండేది. లోపల ఉన్నవి వరస బెంచీలు, ఎక్కాల చార్టు, మాస్టారి చేతిలో బెత్తం. అలాగని మన దగ్గర అన్నీ పేరుకే అని కాదు. విజయవాడలో కోటేశ్వరమ్మగారు 1955లో మొదలుపెట్టిన మాంటిసోరి బడి కాలేజీ దాకా ఎదిగింది. ఆవిడకి 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

మళ్ళీ మా ఇంటికొస్తాను. అసిస్టెంటుగా మొదటి ఏడాది మా ఆవిడ పని ఏమిటో తెలుసా? చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. ఒక్క సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది గులాబి రంగు ఘనాలుంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మూడేళ్ళ పిల్ల తప్పుగా పేర్చి, గోపురం కూలి, మళ్ళీ పేరుస్తుంటే నోరు మెదపకూడదు. "అది కాదమ్మా, ఇది" అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేదట. ఆ మాట మింగడానికి తనకి ఆరు నెలలు పట్టిందంటుంది. పిల్లలు వెళ్ళాక అల్మరాలు తుడవడం, కత్తిరించిన క్యారెట్లు సర్దడం, తడిసిన లాగులు మార్చడం కూడా ఉద్యోగంలో భాగమే. ఊళ్ళో అత్తయ్యగారికి మాత్రం "టీచరు ఉద్యోగం" అని మాత్రమే చెప్పాం. తర్వాత సొంత డబ్బు కట్టుకుని, వేసవి సెలవులూ వారాంతాలూ పెట్టి డిప్లొమా చేసింది.

2021 మొదట్లో వర్క్ పర్మిట్ కార్డు గడువు అయిపోయింది. అప్పటికి హెచ్-4 వాళ్ళ పొడిగింపులకి వేలిముద్రలు కూడా తప్పనిసరి చేయడంతో ఫైళ్ళు నెలల తరబడి ఆగిపోయేవి. కార్డు లేదు కాబట్టి ఒక శుక్రవారం సాయంత్రం బడి తాళంచెవి ఇచ్చేసి వచ్చింది. జీతం లేకుండా వస్తానన్నా రానివ్వలేదు, అది చట్టానికి విరుద్ధం. బడివాళ్ళ తప్పు కాదు. అయిదు నెలలు. ఆ బడి మా ఇంటికి రెండు వీధుల అవతలే. పిల్లలు ఆటస్థలంలోకి వచ్చే వేళకి అటువైపు నడవడం మానేసింది, ఏ పిల్లో చూసి పిలిస్తే ఏం చెప్పాలో తెలియక. మాంటిసోరి అడయారు కాలం గురించి నేను చదివింది ఆ నెలల్లోనే. పోలిక పెద్దదని తెలుసు. అక్కడ యుద్ధం, ఇక్కడ ఒక ప్లాస్టిక్ కార్డు. అయినా పాస్‌పోర్టు రంగుని బట్టి పనిచేసే చేతులు ఆగిపోవడం అర్థం కావాలంటే యుద్ధమే అక్కర్లేదు. ఆ ఏడు నవంబరులో ఒక కోర్టు ఒప్పందం కుదిరి, అర్హత ఉన్న హెచ్-4 వాళ్ళకి పొడిగింపు పెండింగులో ఉన్నప్పుడు కొంతకాలం పని సాగించే వీలు వచ్చింది. మా ఆవిడకి కార్డు అంతకుముందే చేరింది. వెనక్కి వెళ్ళిన రోజు ఒక నాలుగేళ్ళ పిల్లవాడు దగ్గరికొచ్చి, "నీ చాప ఎవరూ తియ్యలేదు" అని చూపించాడట.

ఇప్పుడు తను ఒక తరగతికి పెద్ద టీచరు. ఈ మధ్య మా భోజనాల బల్ల నిండా గరుకు కాగితం ముక్కలే. ఆదివారం తెలుగు తరగతి పిల్లల కోసం అక్షరాలు కత్తిరిస్తోంది. అచ్చులయ్యాయి, హల్లులు సగమయ్యాయి. 'ఱ' చెయ్యాలా వద్దా అని మా ఇద్దరికీ రెండు రోజులుగా వాదన. 'ళ' అట్ట జిగురు ఆరకముందే మా చిన్నది వేలు పెట్టేసింది, దాన్ని మళ్ళీ చెయ్యాలి. కత్తెర పట్టుకోవడానికి ఇంకో రెండు చేతులుంటే బాగుండును, వీలున్నవాళ్ళు వచ్చే శనివారం మా ఇంటికి రండి. సెలవు.