యుద్ధభూమిలో ప్రాణదాత – డాక్టర్ రంగరాజ్

యుద్ధచరిత్రలో విజయం సాధించిన సేనానుల పేర్లు చిరస్థాయిగా నిలుస్తాయి. క్షతగాత్రులను బ్రతికించిన వైద్యుల పేర్లు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. అట్టి అరుదైన పేర్లలో లెఫ్టినెంట్ కర్నల్ ఆర్కాట్ గోవిందరాజ్ రంగరాజ్ గారిది ఒకటి. 1917లో జన్మించిన ఆయన మద్రాసు వైద్యకళాశాలలో విద్యనభ్యసించి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వైద్యులైనారు. 152వ భారత పారాచూట్ బెటాలియన్‌లో పనిచేస్తూ, హవల్దార్ మేజర్ మథురాసింగ్‌తోపాటు, పారాచూట్‌తో విమానం నుండి దూకిన తొలి భారతీయ సైనికులుగా ఖ్యాతి గడించారు.

1950 జూన్ 25న కొరియా యుద్ధం ప్రారంభమైంది. నవభారతం పోరాడే సేనలను పంపక, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను పంపింది. పేరులో అంబులెన్స్ ఉన్నా అది వాహనం కాదు. మూడు వందలమందికి పైబడిన సైనిక వైద్యదళం. దానికి నాయకులు రంగరాజ్ గారే.

ఆ ఏడాది నవంబరులో కొరియా చేరిన దళానికి డిసెంబరులోనే కఠిన పరీక్ష ఎదురైంది. చైనా సేనలు ముంచుకురాగా ప్యాంగ్యాంగ్ నగరాన్ని విడిచిపొమ్మని ఆజ్ఞ వచ్చింది. తగినన్ని వాహనాలు లేవు. వైద్యసామగ్రిని వదలి వెళ్ళక తప్పని స్థితి. రంగరాజ్ గారు అందుకు సమ్మతించలేదు. పరికరాలు లేని వైద్యుడు క్షతగాత్రునికి ఓదార్పు తప్ప మరేమీ ఇవ్వలేడని ఆయనకు తెలుసు. వెదకగా ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు లభించాయి. సైనికులు బారులుతీరి బకెట్లతో ఇంజనుకు నీరు నింపారు. ఇంజను నడపడం తెలిసినవారు దళంలోనే ఉన్నారు. సామగ్రితో ఆ బండి నది దాటిన కొద్దిసేపటికే వంతెనను పేల్చివేశారు.

నాడు దక్కిన సామగ్రి వ్యర్థం కాలేదు. ఆ దళంలో ఒక భాగం తేగు నగరంలో కొరియా సైనికులకు, పౌరులకు చికిత్స చేసింది. మరొక భాగం రంగరాజ్ గారి వెంట యుద్ధరంగంలో నిలిచింది. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికా పారాచూట్ సైనికులు దూకినప్పుడు, ఆయనతో కలిపి పన్నెండుగురు భారతీయులు వారితో దూకి, అక్కడే గాయపడినవారికి చికిత్స చేశారు. 1954లో స్వదేశానికి మరలేనాటికి ఈ దళం సేవలందుకొన్నవారి సంఖ్య రెండు లక్షలు దాటింది.

భారత ప్రభుత్వం ఆయనను మహావీరచక్రతో గౌరవించింది. 2009లో ఆయన పరమపదించారు. 2020 జూలైలో దక్షిణ కొరియా ఆయనను ఆ మాసపు యుద్ధవీరునిగా ప్రకటించి స్మరించుకొన్నది.

శత్రువును జయించడం ఒక్కటే శౌర్యం కాదు. ఆపత్సమయంలో తన ప్రాణంతోపాటు తన వృత్తిధర్మాన్ని కూడా కాపాడుకొనడం శౌర్యమే. రేపటి పౌరులైన మన బాలబాలికలకు రంగరాజ్ గారి జీవితం నేర్పే పాఠం ఇదే.